తపాలా బిళ్లను వేలితో చదువుదాం

ప్రవాసంలో ఉన్న మన ఇళ్లలో తపాలా బిళ్లల ఆల్బములు రెండు విధాలుగా వచ్చి చేరాయి. మొదటిది, తాతగారో తండ్రిగారో హైదరాబాదులోనో బెజవాడలోనో ఏళ్ల తరబడి కూర్చి, మనకు అప్పగించినది. రెండవది, ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఇంటినుంచి వచ్చిన ఉత్తరాల కవర్లను నీళ్లలో నానబెట్టి, మనమే బిళ్లలను ఊడదీసి దాచుకొన్నది. ఇవాళ అవి ఎటోబికో అపార్ట్‌మెంటు అలమరలలోనో, బేస్‌మెంటు పెట్టెలలోనో పడి ఉన్నాయి. పిల్లలు వాటిని చూసి "వీటికి ఎంత వస్తుంది?" అని అడుగుతారు. పెద్దలు ఒక ఫోటో తీసి తెలిసినవారికి పంపుతారు. అటునుంచి ఒక అంకె వస్తుంది. ఆ అంకెతో ఆల్బము భవితవ్యం తేలిపోతుంది. ఈ పద్ధతి సరికాదని, ఇది శాస్త్రీయ దృష్టికి విరుద్ధమని ఈ వ్యాసంలో మనవి చేయదలచాను.

కారణం సులభమైనదే. ఫోటో బొమ్మను చూపుతుంది గాని, ఆ బొమ్మ కాగితంపై ఎలా కూర్చున్నదో చూపదు. ఒకే బొమ్మను నాలుగైదు పద్ధతులలో ముద్రించవచ్చు. అసలు బిళ్లకూ నకలుకూ తేడా చాలాసార్లు బొమ్మలో ఉండదు, ముద్రణలో ఉంటుంది. బిళ్లపై బొమ్మ ఉబ్బెత్తుగా తోచినప్పుడు మనం వేయవలసిన ప్రశ్న ఒక్కటే: ఉబ్బినది సిరాయా, కాగితమా, లేక పైపూతా?

మొదట సిరా సంగతి. లోహపు పలకపై బొమ్మను గీతలుగా చెక్కి, ఆ గాడులలో సిరా నింపి, పైభాగాన్ని శుభ్రంగా తుడిచి, కాగితాన్ని బలంగా అదిమితే కాగితం గాడులలోకి దిగి సిరాను పైకి తెచ్చుకొంటుంది. అందువల్ల ప్రతి గీతా చిన్న గట్టులా నిలబడుతుంది. దీనినే చెక్కడపు ముద్రణ అనవచ్చు. కెనడా మొదటి తపాలా బిళ్ల, 1851లో శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ రూపకల్పన చేసిన మూడు పెన్నీల 'బీవర్', ఇలా ముద్రించినదే. 1929లో వెలువడిన 50 సెంట్ల 'బ్లూనోజ్' ఓడ బిళ్ల కూడా అంతే. మన వైపు చక్కని ఉదాహరణ నిజాం ప్రభుత్వం 1931లో విడుదల చేసిన శ్రేణి. చార్మినారు, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా గుహలు మొదలైన దృశ్యాలున్న ఆ బిళ్లలకు పలకలను డి లా ర్యూ సంస్థ తయారుచేయగా, ముద్రణ హైదరాబాదులోని స్టాంపుల కార్యాలయంలోనే జరిగింది. ఒక అణా చార్మినారు బిళ్ల మీ ఆల్బములో ఉంటే, ఆ మీనారుల గీతలు హైదరాబాదులో సిరాతో లేచిన గట్లని గుర్తించండి. ఈ స్పర్శ ఎలా ఉంటుందో తెలియాలంటే అరుదైన బిళ్ల అక్కరలేదు. జేబులోని కెనడా పాలిమరు నోటు తీసి, పెద్ద అంకెపై గోటిని మెల్లగా నడిపించండి.

రెండవది కాగితమే ఉబ్బడం. బొమ్మను ఒక అచ్చులో లోతుగా, దానికి జోడీ అచ్చులో ఎత్తుగా తీర్చి, నడుమ కాగితాన్ని ఉంచి అదిమితే కాగితమే బొమ్మగా మారుతుంది. ముందువైపు ఎంత ఎత్తు ఉంటుందో, వెనుకవైపు అక్కడే అంత పల్లం ఉంటుంది. బ్రిటన్‌లో 1847 నుంచి వచ్చిన షిల్లింగు, పది పెన్నీల, ఆరు పెన్నీల బిళ్లలపై విక్టోరియా రాణి శిరస్సు ఇలా ఉబ్బినదే. భారత ఉపఖండపు మొదటి తపాలా బిళ్ల కూడా ఈ జాతిదే. 1852 జులైలో బార్ట్‌ల్ ఫ్రియర్ పాలనలో వెలువడిన 'సింధ్ డాక్' అర అణా బిళ్లలు ఎరుపు, తెలుపు, నీలం రంగులలో ఉండేవి. తెల్లదానిలో సిరాయే లేదు, ఉన్నదంతా ఉబ్బు మాత్రమే. ఎర్రవి లక్క వంటి పెళుసు బిళ్లలపై అద్దినవి గనుక సులభంగా పగిలిపోయేవి. ఇటీవలి కాలానికి వస్తే, కెనడా తపాలా శాఖ 1997లో ప్రారంభించిన చాంద్రమాన నూతన సంవత్సర శ్రేణిలోని పలు బిళ్లలపై ఈ ఉబ్బునూ, బంగారు రేకు అద్దకాన్నీ చూడవచ్చు.

మూడవది పైపూత. మన పెళ్లి శుభలేఖలపై నిగనిగలాడే ఉబ్బెత్తు అక్షరాలు అందరూ ఎరిగినవే. తడి సిరాపై రెసిను పొడి చల్లి వేడిచేస్తే అది కరిగి ఉబ్బుతుంది. దీనిని థర్మోగ్రఫీ అంటారు. ఈనాటి బిళ్లలపై కొన్ని చోట్ల దట్టమైన వార్నిషు కూడా ఇలాంటి ఎత్తునే ఇస్తుంది. ఈ ఎత్తుకు అంచులు గుండ్రంగా, మెరుపుగా ఉంటాయి. చెక్కిన గీతలోని సన్నదనం ఉండదు. వెనుక పల్లమూ ఉండదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫోటోగ్రేవ్యూరు కూడా గుంటలలోని సిరాతో ముద్రించేదే. కాని ఆ గుంటలు అతి చిన్నవి, లోతు తక్కువ. అందువల్ల ముద్రణ చేతికి నున్నగానే తగులుతుంది. 1948లో స్విట్జర్లాండులోని కూర్వాజియే సంస్థ ముద్రించిన గాంధీజీ బిళ్లలు, 1961 నాటి త్యాగరాజస్వామి బిళ్ల ఈ కోవలోనివి. ఆఫ్‌సెట్ ముద్రణ కూడా నున్నగానే ఉంటుంది. పాతకాలపు అక్షరాల అచ్చుయంత్రంపై వేసినదానికి మాత్రం వెనుకవైపు కొద్దిగా ఉబ్బు కనిపిస్తుంది.

వీటిని వేరుచేయడానికి ప్రయోగశాల అవసరం లేదు. గది చీకటి చేసి, టార్చిలైటును బిళ్లకు దాదాపు సమాంతరంగా పక్కనుంచి పట్టండి. కిరణం పది డిగ్రీల వాలులో పడితే నీడ పొడవు గట్టు ఎత్తుకు ఐదున్నర రెట్లకు పైగా ఉంటుంది. కంటికి ఆనని ఎత్తును త్రికోణమితి ఇలా పట్టి ఇస్తుంది. తరువాత వేలిని బిళ్లపై ఆనించి ఊరుకోక, కదిలించండి. నిలిచిన వేలికి తెలియని గరుకు కదిలే వేలికి తెలుస్తుంది. పిమ్మట వెనుకవైపు చూడండి. చివరగా పది రెట్ల భూతద్దంలో పరిశీలించండి. చెక్కడమైతే తెగని గీతలు, గ్రేవ్యూరు, ఆఫ్‌సెట్‌లయితే సాధారణంగా చుక్కలు కనిపిస్తాయి. గ్రేవ్యూరులో అక్షరాల అంచులు కూడా రంపపు పళ్లలా ఉంటాయి. పలుచని అల్యూమినియం రేకును పరచి మెల్లగా రుద్దితే చెక్కడపు గీతలు దానిపై దిగుతాయి గాని, ఈ పరీక్ష చవకబారు బిళ్లలకే పరిమితం చేయండి. ఉబ్బు బిళ్లలను నానబెట్టి బరువు కింద ఆరబెట్టకండి. ఆ ఉబ్బు అణగిపోతే తిరిగి రాదు.

ఈ పరీక్షలకు ఒక హద్దు ఉంది, దానిని పిల్లలకు ముందే చెప్పాలి. చెక్కడపు ముద్రణ కావలసిన బిళ్లలో గీతలకు బదులు చుక్కలుంటే అది అసలు కాదని చెప్పవచ్చు. గరుకుగా ఉన్నంత మాత్రాన అసలని చెప్పరాదు, ఎందుకంటే నకిలీలు చేసేవారూ చెక్కగలరు, ఉబ్బించగలరు. సింధ్ డాక్‌కు నకిలీలు విరివిగా ఉన్నాయి. కాదని తేల్చడం సులువు, అవునని తేల్చడం కష్టం. విజ్ఞానశాస్త్రంలో ఇంతకంటె విలువైన పాఠం మరొకటి లేదని నా అభిప్రాయం. మన పిల్లలు బహుమతుల పోటీలకోసం వందల సమాధానాలు కంఠస్థం చేస్తున్నారు. ఒక వస్తువును చేతిలోకి తీసుకొని, ఊహించి, పరీక్షించి, ఎంతవరకు చెప్పవచ్చునో అంతవరకే చెప్పడం వారికి ఎవరూ నేర్పడం లేదు.

కనుక నా సూచన ఇది. మన సంఘాల వార్షికోత్సవాలలో పాటల పోటీకి, వేషధారణకు కేటాయించే స్థలంలో ఒక బల్ల దీనికి కేటాయించండి. రెండు భూతద్దాలు, ఒక టార్చిలైటు, కొన్ని పాత బిళ్లలు, ఒక శుభలేఖ, ఒక కరెన్సీ నోటు చాలు. ఆల్బములున్న పెద్దలు ఆ బల్ల దగ్గర కూర్చుంటే, తెలుగు అంతగా రాని మనవడికీ, ఇంగ్లీషు అంతగా రాని తాతగారికీ మాట్లాడుకొనేందుకు ఒక విషయం దొరుకుతుంది. అమ్మదలచినవారు అమ్ముకోవచ్చు, అందులో తప్పులేదు. అయితే అమ్మేముందు, పారవేసేముందు, ఇంట్లో ఒక్కరైనా ఆ బిళ్లలను వేలితో చదివి ఉండాలి.