తాబేలు కోసం దేశాలు కలిశాయి.. మరి వల వేసేవాడి నష్టం ఎవరు కట్టాలి? సిక్కోలు తీరం చెప్తున్న లెక్క ఇదీ!

జనవరి వచ్చిందంటే బారువ నుంచి భోగాపురం దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. అదే రోజుల్లో చచ్చిన తాబేళ్లు కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. హేచరీల నుంచి పిల్లల్ని సముద్రంలోకి వదిలే వీడియోలు మన ఫోన్లలో బాగానే తిరుగుతాయి గానీ, ఈ చావుల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. శ్రీకూర్మం ఉన్న జిల్లాలో తాబేలు మీద భక్తికి కొదవ లేదు. సమస్య అక్కడ లేదు.

తాబేలు నీళ్లలో ఉన్నా ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే. ట్రాలర్ వలలో చిక్కి, ఆ వలను గంటల తరబడి లాగితే ఊపిరాడక చనిపోతుంది. దీనికి విరుగుడు ఉంది. పేరు 'టెడ్'. వల లోపల ఒక ఇనుప చట్రం పెడతారు. రొయ్యలు ఊచల మధ్య నుంచి వెనక్కి పోతాయి, తాబేలు ఊచలకు తగిలి పక్కనున్న దారిలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గ మోడల్ కూడా తయారుచేసింది. మరి ఎందుకు వాడటం లేదు? చట్రంతో పాటు కొంత పట్టు కూడా జారిపోతుందన్నది వేటకు వెళ్లేవాళ్ల భయం.

దేశాలు ఏం చేశాయంటే..

తాబేలుకు సరిహద్దులు తెలియవు. 2021లో ఒడిశా తీరంలో ట్యాగ్ వేసిన ఒక తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ బీచ్‌లో గుడ్లు పెట్టింది! అందుకే ఒక్క దేశం కాపాడితే సరిపోదని వలస జీవుల ఒప్పందం 1979లో బాన్ నగరంలో కుదిరింది. 1983 నుంచి భారత్ అందులో ఉంది. 2020లో ఆ దేశాల సదస్సు గాంధీనగర్‌లోనే జరిగింది. హిందూ మహాసముద్ర తాబేళ్ల కోసమే 2001లో ఇంకో అవగాహన పత్రం వచ్చింది, భారత్ 2007లో సంతకం చేసింది. అయితే అది కట్టుబడి తీరాల్సిన ఒప్పందం కాదు. పాటించకపోతే అడిగేవాళ్లు లేరు.

అడిగింది అమెరికా, అదీ తన మార్కెట్‌తో. టెడ్ లేని వలతో పట్టిన రొయ్యలు కొనబోమంది. భారత్, మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి (భారత్, పాకిస్థాన్ ఒకే పక్షాన నిలబడ్డ అరుదైన సందర్భాల్లో ఇదొకటి). 1998 అక్టోబర్‌లో తీర్పొచ్చింది. తాబేళ్లను కాపాడాలనడంలో తప్పులేదు, కాపాడే పద్ధతిలోనే తప్పుంది అన్నారు. ఎందుకంటే కరీబియన్ ప్రాంత దేశాలకు మూడేళ్ల గడువు, సాంకేతిక సాయం ఇచ్చిన అమెరికా, ఆసియా దేశాలకు ఇచ్చింది నాలుగు నెలలే.

ఈ మొత్తం కథలో మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మంచి రూల్ అయినా సరే, గడువూ సాయమూ ఇవ్వకుండా రుద్దితే అన్యాయమే అవుతుంది. ఆ తర్వాత అమెరికా నిబంధనలు సవరించుకుంది, 2001లో మలేషియా మళ్లీ సవాలు చేసి ఓడిపోయింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపులు మూసుకున్నాయి. చెరువుల్లో పెంచే వనామీకి ఈ రూల్ వర్తించదు. అంటే చెరువు రొయ్యకు ఉన్న దారి సముద్రపు రొయ్యకు లేదు.

ఇచ్ఛాపురం దాటితే..

దేశాల సంగతి సరే, రెండు రాష్ట్రాల మధ్య మాత్రం ఏముంది? మన పక్కనే గంజాం జిల్లాలో రుషికుల్య ఉంది. అక్కడ, దేవి, గహీర్‌మాతల దగ్గర ఒడిశా ప్రభుత్వం నవంబర్ 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు వేట ఆపేస్తుంది, నష్టపోయిన జాలర్లకు భృతి ఇస్తుంది. అదే తాబేలు ఇచ్ఛాపురం దాటి ఇటు వస్తే అలాంటి ఏడు నెలల రక్షణ లేదు. మన వేట నిషేధం 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది. అప్పటికి తాబేళ్ల సీజన్ దాదాపు అయిపోతుంది.

అలాగని ఒడిశా రూల్‌ని ఇక్కడ అలాగే దించేద్దామా? అదీ కుదరదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లలో ఎక్కువమందివి మోటారు పడవలు, చిన్న వలలు. ఇక్కడ గిట్టుబాటు కాకే ఎంతోమంది గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద కూలికి వెళ్తున్నారు. 2018 నవంబర్‌లో అలా వెళ్లినవాళ్లు పాకిస్థాన్‌కు చిక్కి జైల్లో ఉండి, 2020 జనవరిలో 20 మంది వాఘా మీదుగా ఇంటికొచ్చారు. వేట రోజులు ఇంకా తగ్గిస్తే వేరావల్ రైలెక్కేవాళ్లు పెరుగుతారంతే.

టెడ్ చట్రం ఖర్చు మత్స్య సంపద యోజన కింద కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. చట్రంలోంచి జారిపోయే పట్టుకు మాత్రం పరిహారం లెక్క ఎక్కడా లేదు. వేట నిషేధ కాలానికి రాష్ట్రం ఇస్తున్న 20 వేల రూపాయల సాయం 2025 ఏప్రిల్‌లో మన బుడగట్లపాలెం నుంచే మొదలైంది. జనవరి నుంచి మార్చి దాకా టెడ్ బిగించి వేటకెళ్లే బోటుకు కూడా అలాంటి సాయం ఇస్తారా అన్నది ఇప్పుడు మత్స్యశాఖను అడగాల్సిన ప్రశ్న.