సెన్సరుకు కొత్త తొడుగు వేశారా?

వనపర్తిలో పల్లీలు అమ్ముకున్న రైతు, పనిలో పనిగా పన్ను చూపించుకుందామని క్లినిక్ మెట్లెక్కుతాడు. గద్వాలలోనైనా, నాగర్‌కర్నూల్‌లోనైనా అంతే. ఎక్స్‌రే అనగానే భయపడతాడు. నిజానికి ఒక పంటికి తీసే చిన్న ఎక్స్‌రేలో అందే రేడియేషన్, నేల నుంచీ ఆకాశం నుంచీ మనకు ఒక రోజులో అందేదానికి కాస్త అటూ ఇటూ.

మాకు దిగులు ఉమ్ముతోనే. ఎక్స్‌రే కోసం నోట్లో పెట్టే సెన్సరు బొటనవేలంత ఉంటుంది. ఆటోక్లేవ్ వేడికి పాడవుతుంది. కాబట్టి మనిషి మనిషికీ కొత్త ప్లాస్టిక్ తొడుగు వేయాలి, తీశాక క్రిమినాశినితో తుడవాలి. నోట్లో పెట్టిన గ్లౌజుతోనే మిషను మీట నొక్కితే ఆ తడి మీట మీదే ఉంటుంది, తర్వాతి రోగి నోటిదాకా పోతుంది.

ఇక, పిల్లాడు కదులుతున్నాడని అసిస్టెంటు వేలితో సెన్సరు పట్టుకుని నిలబడడం. పిల్లాడికి ఆ రేడియేషన్ ఒక్కసారే, ఆ అమ్మాయికి రోజూ. హోల్డరు ఉన్నది అందుకే కదా!

ఎక్స్‌రే మిషనుకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. ఆ కాగితాన్ని రోగికి కనబడేలా గోడకు తగిలించాలి. మూడు జిల్లాల వైద్యాధికారులూ తనిఖీకి వెళ్తే ముందు తొడుగుల పెట్టె తెరిపించి చూడాలి.