ఆయాసం లేకపోవడం ఆరోగ్యానికి సాక్ష్యం కాదు

2021 మే నెల. కోవిడ్ రెండో విడత ఉద్ధృతంగా ఉన్న రోజులు. అత్తాపూర్‌లో మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయనకు జ్వరమని వారి అబ్బాయి ఫోన్ చేశాడు. “ఆయాసం ఉందా?” అని అడిగాను. “లేదండీ, కూర్చుని పేపరు చదువుతున్నారు” అన్నాడు. “అయితే ఫర్వాలేదు, కనిపెట్టి ఉండండి” అన్నాను. మర్నాడు సాయంత్రం పల్స్ ఆక్సీమీటరు దొరికింది. వేలికి పెడితే 76 చూపింది. “నాకు ఆయాసమే లేదు కదా, యంత్రం చెడిపోయి ఉంటుంది” అన్నారట ఆయన. ఆసుపత్రిలో చేర్చినా దక్కలేదు.

దశాబ్దాల పాటు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నేను ఆనాడు అడిగిన ప్రశ్నే తప్పు. ఆ తప్పు నేటికీ మన ఇళ్లలో కొనసాగుతోంది కనుకనే ఈ వ్యాసం.

రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే శరీరం ఆయాసమనే గంట మోగిస్తుందని మనలో చాలామంది నమ్మకం. నిజానికి ఆ గంటను ప్రధానంగా మోగించేది కార్బన్ డయాక్సైడ్. అది కొద్దిగా పెరిగినా మెదడు అడుగుభాగాన ఉన్న మెడుల్లా పసిగట్టి శ్వాస వేగాన్ని పెంచుతుంది. ప్రాణవాయువును కనిపెట్టే కాపలాదారు వేరు. మెడకు ఇరువైపులా కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోట, బియ్యపు గింజంత ఉండే కెరోటిడ్ బాడీ అది. దాని పనితీరును వివరించినందుకే కార్నీల్ హైమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఈ కాపలాదారు నిద్రమత్తు మనిషి. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం సుమారు 100 నుంచి 60 మిల్లీమీటర్లకు పడిపోయే వరకు గట్టిగా కేక వేయడు. అప్పటికి ఆక్సీమీటరు అంకె 90కి దిగి ఉంటుంది. పైగా శ్వాస కాస్త వేగం కాగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, మెడుల్లా శాంతిస్తుంది. కోవిడ్‌లో ఎందరో నవ్వుతూ మాట్లాడుతూనే ప్రమాదంలోకి జారిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. వృద్ధులలో, మధుమేహులలో ఈ కేక మరింత బలహీనం.

ఇది కొత్త సంగతి కాదు. 1875లో ఫ్రాన్స్‌లో ముగ్గురు శాస్త్రజ్ఞులు జెనిత్ అనే బెలూన్‌లో 8 వేల మీటర్ల ఎత్తుకు వెళ్లారు. ప్రాణవాయువు సంచులు వెంటే ఉన్నాయి. అవసరమని తోచేలోగా చేతులు కదలక ఇద్దరు మరణించారు. బతికి బయటపడిన టిస్సాండియే, ఆ ఎత్తులో తనకు బాధ కాక ఆనందమే కలిగిందని రాశాడు. మా ఇళ్ల మీదుగా శంషాబాద్‌కు దిగే విమానాల్లోనూ గాలి పీడనం సుమారు 6–8 వేల అడుగుల కొండ మీద ఉన్నంతే. ప్రయాణికుల ఆక్సిజన్ శాతం కొంత తగ్గుతుంది, ఎవరికీ తెలియదు.

ఇక వాట్సాప్ వైద్యం. పది సెకన్లు ఊపిరి బిగపట్టగలిగితే ఊపిరితిత్తులు భేష్ అన్నారు. ఊపిరి వదలమని తొందరపెట్టేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడే. అది ఆక్సిజన్ పరీక్ష ఎలా అవుతుంది? కర్పూరం, వాము మూటగట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్నారు. ముక్కు తెరుచుకున్న భావన కలుగుతుందేమో గాని, రక్తంలో అంకె పెరగదు.

“అంకెలు చూపి జనాన్ని భయపెట్టకండి” అనే వైద్యమిత్రులూ ఉన్నారు. వారికి నా సమాధానం ఒక్కటే: రక్తపోటును తలనొప్పితో కొలవనప్పుడు, ఆక్సిజన్‌ను ఆయాసంతో ఎందుకు కొలుస్తున్నాం?

యంత్రం కూడా దేవుడు కాదు. చల్లబడిన వేళ్లు, గోళ్ల రంగు దాన్ని తప్పుదారి పట్టిస్తాయి. ముదురు రంగు చర్మంపై అది ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరు వెలువరించే కార్బన్ మోనాక్సైడ్ అయితే కెరోటిడ్ బాడీనీ, ఆక్సీమీటరునూ రెండింటినీ మోసగిస్తుంది. అక్కడ రక్షణ తెరిచిన కిటికీయే.

కాబట్టి జ్వరం, దగ్గు ఉన్న పెద్దల వేలికి ఆక్సీమీటరు పెట్టండి. అంకె 94 కంటే తగ్గితే, వేలు వెచ్చబరచి మళ్లీ చూడండి. అప్పటికీ తక్కువే ఉంటే ఆయాసం కోసం ఎదురుచూడకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు తమకు తగిన అంకెను ముందే వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.

ఆనాడు నేను అడగవలసింది “ఆయాసం ఉందా?” అని కాదు, “అంకె ఎంత?” అని. మీరైనా అడగండి.