ఓడమార్గములందు వార్తావినిమయము

ఇంగ్లండునకును ఫ్రాన్సునకును నడుమ నున్న డోవర్ జలసంధి మిక్కిలి యిఱుకైన చోట సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు మాత్రమే గలది. ఆ కొంచెపు నీటిలో దినమునకు 400 పైచిలుకు వర్తకపు టోడలు వచ్చుచు పోవుచుండును. ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు జనులను దాటించు నోడలు వానికి అడ్డముగా నడచుచుండును. పొగమంచు అచ్చట అరుదు గాదు. ఇట్టి చోట ఓడవానికి కావలసినది బలమైన యంత్రమని బాలురు తలంతురు. తన చుట్టు ఏ యోడలున్నవి, అవి యెటు పోవుచున్నవి, దారిలో నేమి యడ్డమున్నది యను వార్తయే ముందు కావలెనని నా యభిప్రాయము. ఆ వార్త యొకనికి తెలిసియుండిన చాలదు. అచ్చట నున్న వారికందఱకును ఒక్క వేళనే తెలియవలెను.

1971 సంవత్సరమున జరిగినది చూడుడు. జనవరి 11వ తేదీని పెరూ దేశపు టోడ పరాకాస్, ఎదురువచ్చు నోడల కేర్పడిన వరుసలో నడచి, టెక్సకో కరీబియన్ అను నూనె యోడను ఢీకొనెను. నూనె యోడ ప్రేలి, విఱిగి, మునిగెను. మఱునాడు, ఆ శిథిలముకడ గుఱుతులు పెట్టకమునుపే, జర్మను ఓడ బ్రాండెన్‌బర్గ్ దానిని తాకి మునిగెను. పిమ్మట దీపనౌకను, బోయాలను నిలిపిరి. అయినను ఫిబ్రవరి 27వ తేదీని గ్రీకు ఓడ నికీ అచ్చటనే తాకి, తనలో నున్న 22 మందితో గూడ అడుగంటెను. మూడు ప్రమాదములలో 51 మంది మరణించిరి.

మొదటిది త్రోవ తప్పుటవలన కలిగినది. ఏ యోడ యే ప్రక్కను పోవలెనో 1967లోనే నిర్ణయించిరి గాని, అది సలహాయే గాని శాసనము గాకుండెను. 1977లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ నియమములు దానిని విధిగా చేసినవి. ఒడ్డునుండి ఓడల రాకపోకలను కనిపెట్టి రేడియోలో వార్తలు చెప్పు కొలువు 1972లో ఏర్పడెను. ఇవి మంచి పనులే. కాని రెండవ, మూడవ ప్రమాదముల రోగము వేఱు. శిథిలమున్నదని కొందఱెఱుగుదురు, దానిమీదికి వచ్చుచున్నవా రెఱుగరు.

ఆ రోగము కుదురలేదనుటకు ముప్పదియొక్క సంవత్సరముల తరువాతి కథ యున్నది. 2002 డిసెంబరు 14న అదే సముద్రభాగమున 2,862 క్రొత్త కార్లను మోయుచున్న ట్రైకలర్ అను ఓడ, కరీబా అను ఓడ తగిలి మునిగెను. ప్రాణనష్టము లేదు. కాపలా యోడలు నిలిచినవి, రేడియోలో హెచ్చరికలు సాగినవి. అయినను రెండు దినములకు నికోలా అను ఓడయు, 2003 జనవరి 1న వికీ అను నూనె యోడయు ఆ శిథిలముమీదనే యెక్కెను. నోటిమాట యొకసారి వినబడి పోవును. అది తన మాతృభాష గాని యొకడు, నిదుర చాలని వేళ, దానిని విని పటముమీద చేతితో గుఱుతు పెట్టుకొనవలెను. ఆ గొలుసులో ఏ కొక్కెము జారినను ఓడ పోయినట్లే.

కావుననే డిజిటల్ పద్ధతిని నేను గట్టిగా బలపఱచుచున్నాను. ఏ.ఐ.ఎస్. అను యంత్రము ఓడ పేరు, ఉన్న చోటు, పోవు దిక్కు, వేగము కొన్ని క్షణముల కొకసారి తానే చాటుచుండును. చుట్టునున్న యోడలును రేవువారును తమ తెరమీద దానిని చూతురు. విదేశములకు పోవు 300 టన్నులును అంతకు మించిన యోడలన్నిటికిని, ప్రయాణికుల యోడలకును, 2004 సంవత్సరాంతము నాటికి ఇది తప్పనిసరి యయ్యెను. ఇపుడు శిథిలమున్న చోట బోయా తేలకమునుపే, ఒడ్డునుండి యొక లేని బోయాను అందఱి తెరలమీదను నిలుపవచ్చును.

యంత్రము నమ్మి కన్నులు మూసికొందురని పెద్దలు కొంద ఱాక్షేపింతురు. ఆక్షేపణ సరియైనదే. ఉపగ్రహ సంకేతములను చెఱచువారును, తమ యునికిని దాచుటకై యంత్రమును ఆర్పువారును లేకపోలేదు. కంటితోను చెవితోను కావలి కాయుమను పాత నియమము ఇప్పటికిని ఓడవారి విధియే. ఒడ్డున ఊరక చదువుకొను మనకు ఇది సులభముగా తోచును గాని, నడిరేయి కావలి కాయుట సులభము గాదు.

విద్యార్థులారా, చిన్న పడవల మాట యేమి? పైన జెప్పిన నిర్బంధము వేట పడవలకు లేదు. విశాఖపట్టణము, కాకినాడ రేవులకు వచ్చు పెద్ద యోడల దారికి చేరువనే మన జాలరులు రాత్రులు వల వేయుదురు. ఫైబరు పడవ రాడారునకు చక్కగా కానరాదు; దాని చిఱుదీపము అలలలో నణగిపోవును. వేట పడవలకు లక్ష ట్రాన్స్‌పాండరు లమర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2024 ఆగస్టు 30న ప్రారంభించెను. ఆ పడవలు ప్రభుత్వమువారికే గాక, దాపున పోవు ఓడల తెరమీదను కనబడవలెను. చేపలున్న తావు పొరుగువారికి తెలియునని జాలరులకు భయము కలదు. అది యాకలితో కూడిన భయము, పరిహసింపదగినది గాదు. పడవ యున్న చోటు దగ్గఱి యోడకు తెలిసిన చాలును, పట్టిన చేపల లెక్క యెవ్వరికిని అక్కఱలేదు. యంత్రపు వెల యందును జాలరి నొక్కనినే భరింపుమనుట న్యాయము గాదు. ఆ నీటిమీద సరకు తెచ్చి లాభించు ఓడలవారును, రేవులవారును అందులో పాలు పంచుకొనవలెను.