నీలినాలుక అతిథి



మా యింటివారి ఉపాధ్యాయవృత్తి కారణమున మేము ఆస్ట్రేలియా దేశమందు సిడ్నీ నగరప్రాంతమున కాపురముండుట మీరెఱుగుదురు. మా యింట చేరిన యొక క్రొత్త ప్రాణినిగూర్చి ఈ మాసము మీతో ముచ్చటింపదలచితిమి. ఇచ్చటివారు దానిని ‘బ్లూటంగ్’ అందురు. మనము నీలినాలుక బల్లి యనవచ్చును. పేరునకు బల్లియే కాని గోడలపై ప్రాకు జాతి కాదు. మన పొలముగట్లపై మెఱయు నలికిరికి దాయాది. పెరిగినది 60 సెంటీమీటర్ల వఱకు నుండును. కాళ్లు పొట్టి, తల వెడల్పు. నాలుక మాత్రము నేరేడుపండ్లు తిన్న పిల్లవాని నాలుకవలె నీలము.

గడచిన వసంతమున మా పండ్రెండేండ్ల కుమారుడు, పెరటిఱాళ్ల నడుమ ఎండ కాగుచున్న యొకదానిని బుట్టలో పట్టితెచ్చి, పెంచుకొందునని మారాము చేసెను. అది నోరు తెఱచి బుసకొట్టి నాలుక వెళ్లబెట్టినంతనే మేము కుర్చీ యెక్కితిమి! విషజంతువు కాదని మా యింటివారు చెప్పువఱకు దిగలేదు. ఆ నాలుకయే దాని ఆయుధము. ఆ నాలుక వెనుకభాగము అతినీలలోహితకాంతిలో మిక్కిలి ప్రకాశించుననియు, శత్రువు మీదపడు తుదిక్షణమున దానిని చూపి బెదరించుననియు 2018లో ప్రకటితమైన యొక పరిశోధనము తెలిపినది.

వన్యప్రాణిని పట్టి పెంచుట ఇచ్చటి చట్టమునకు విరుద్ధము. చట్టము లేకున్నను, స్వేచ్ఛగా తిరుగు జీవిని బంధించుట మాకు సమ్మతము కాదు. కుమారుడు ఏడ్చుచునే దానిని పట్టినచోటనే విడిచెను. ఆ రాత్రి వానికి నలమహారాజు కథ చెప్పితిమి. చేజిక్కిన హంసను రాజు విడిచిపెట్టగా, అది తనంతట తానే తిరిగివచ్చి యాతని చేత వ్రాలినది గదా!

అయినను వాని కోరిక తీరలేదు. అనుమతిపత్రము గల పెంపకందారులయొద్ద, ఇంట పుట్టిన పిల్లలనే కొనవచ్చునని తెలిసినది. అప్పుడు మేము లెక్క వేసితిమి. పోషణ చక్కగా జరిగిన నీ ప్రాణి యిరువదేండ్లు బ్రదుకును. కుమారుడు ఆఱేండ్లలో పైచదువునకు ఇల్లు విడుచును, బల్లి విడువదు. కోరుకొనునది పిల్లలు, దీపము వెలిగినదా, నీరు మార్చితిమా యని చూచుకొనునది తల్లులు. ఈ సంగతి ముందు తలపోయక తెచ్చి, పిదప విసుగుకొని యెవరికో అంటగట్టిన యిండ్లు మేమెఱుగుదుము. ఇరువదేండ్ల భారము మాదేయని మనసొప్పిన పిమ్మటనే అనుమతిపత్రమునకు వ్రాసితిమి.

ఎన్నుకొనుటలో రంగు చూచి మోసపోరాదు. కన్నులు తేటగా నుండవలెను. ముక్కునుండి నీరు, నోట జిగట కనబడరాదు. తోక మొదలు బలిసియుండవలెను. విడిచిన కుబుసము వ్రేళ్లకు చుట్టుకొని నిలిచిన వ్రేళ్లు చచ్చిపోవును గనుక వానిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. చెవిరంధ్రములలో పురుగులు లేకుండుట చూడవలెను. చేతికెత్తుకొన్నపుడు నాలుకతో చుట్టును పరిశీలించునది మంచిది. వడలి వ్రేలాడునది వలదు. రెండింటిని కలిపి యుంచిన కొట్లాడుకొనును గావున ఒక్కదానినే తెచ్చుకొంటిమి.

పెరిగినదానికి నాలుగడుగుల పొడవు గల పెట్టె కావలెను. ఒకవైపు 35 డిగ్రీల వేడిమి, మఱియొకవైపు సుమారు 24 డిగ్రీల చల్లదనము, దాగుటకొక గూడు, అతినీలలోహిత దీపము ఉండవలెను. ఆ దీపము లేక, సున్నపుపొడి చేరని యాహారముతో పెరిగిన పిల్లల యెముకలు వంకరపోవును. ఇది ఆకుకూర, గుమ్మడి, పండ్లతోపాటు గ్రుడ్డు, మాంసము, నత్తలు కూడ తినును. మాది శాకాహారపు వంటిల్లు. ఏమి చేయుదుము? కారుషెడ్డులో దాని పళ్లెము, చెంచా, చిన్న పెట్టె వేఱుగా నమర్చితిమి. ఆ పాత్రలను వంటింటి తొట్టిలో కడుగరాదు. బల్లిని తాకినవారు చేతులు సబ్బుతో కడుగవలెను. దాని మలమున నుండు క్రిములు మనుష్యులకు రోగము కలిగింపగలవు. పసిబిడ్డలు గల యిండ్లవారు దీనిని తేకుండుటయే మేలు.

ఇక మచ్చిక. ఇచ్చట మా తప్పు చెప్పక తప్పదు. తెచ్చిన మూడవనాడే చుట్టములు రాగా, వేడుకకు దానిని చేతినుండి చేతికి త్రిప్పితిమి. తొమ్మిదిదినములు అది మేత ముట్టలేదు. వైద్యురాలు పరీక్షించి, “దీనికి రోగము లేదు, మీకు తొందర యున్నది,” అనెను. మేము సిగ్గుపడి వచ్చి, అద్దపు పెట్టె మూడుప్రక్కల గుడ్డ కప్పి, రెండువారములు మేత, నీరు మాత్రమే పెట్టితిమి. పదియవనాటి ఉదయమున గుమ్మడిముక్క మాయమైనది!

పిదప దినమునకు పదినిమిషములు అరచేతిని పెట్టెలో కదలకుండ ఉంచితిమి. చేయి పైనుండి దింపరాదు. దాని శత్రువులైన పక్షులు పైనుండియే వ్రాలును. ప్రక్కనుండి మెల్లగా పోనిచ్చి, పొట్టను, నాలుగుకాళ్లను ఆనించి యెత్తవలెను. తోక పట్టరాదు. బుసకొట్టిన నాడు ఆనాటికి విరమింపవలెను. కుమారుడు రెండుమాసములు ఈ క్రమము తప్పలేదు. పరీక్షలనాడు సైతము చేతిలో పుస్తకము, పెట్టెలో చేయి!

ఒకనాటి సాయంకాలము అది గూటినుండి వచ్చి, వాని అరచేతిని నాలుకతో తడవి, మెల్లగా ఎక్కి కూర్చుండెను. వాడు గట్టిగా ఊపిరి సైతము విడువలేదు. అది ప్రేమ యని మేము చెప్పము. భయము పోయినదని మాత్రము చెప్పగలము. బలిమితో ఒక్కనాడును అంత దూరము రాలేకపోయితిమి.

పెరటిది ఇంకను ఎండకు వచ్చుచున్నది. విషము తిన్న నత్తలను తిని యట్టివి చచ్చును గనుక మా తోటలో నత్తలమందు చల్లుట మానివేసితిమి. తెలుగునాట నున్న సోదరీమణులకు మా మనవి యొక్కటే: మన నలికిరికిని విషము లేదు. దానిని పట్టి పెంచవలదు, చీపురెత్తి కొట్టనువలదు. గట్టుపై దాని దారిని దానిని పోనిండు.