శప్తభూమియు, మన యింటి తెలుగును

2019వ సంవత్సరమునకు గాను తెలుగులో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము శ్రీ బండి నారాయణస్వామిగారి ‘శప్తభూమి’ నవలకు లభించినది. అంతకు పూర్వము 2017లో అమెరికాలోని తానా సంస్థవారి నవలల పోటీలో బహుమతి గెలిచినదియు నిదియే. స్వామిగారు అనంతపురమువారు, ఉపాధ్యాయ వృత్తి నిర్వహించినవారు. ‘గద్దలాడతండాయి’, ‘మీ రాజ్యం మీరేలండి’ మున్నగు నవలలు ముందే వ్రాసియున్నను, దేశము దృష్టి వారిపై పడుటకు ఇంతకాలము పట్టినది.

ఈ గౌరవము మనకు పరాయిది కాదు. 1953లో రాష్ట్రములు వేఱైనవి గాని, 1882 వఱకు అనంతపురము బళ్లారి జిల్లాలోని భాగమే. నవలలోని కథ పదునెనిమిదవ శతాబ్దమున హండే రాజుల యేలుబడి నాటిది. ఆ వంశమువారే మన బళ్లారి కోటనుండియు పాలించిరి.

కొందఱు తలిదండ్రులు, “మాది కన్నడము కలసిన తెలుగు, మా పిల్లలు కోస్తావారివలె మాటలాడవలెను” అని కోరుచుందురు. మేము దీనికి సమ్మతింపము. పరీక్షలో వ్యాకరణము పాటింపవలసినదే (అందు మాకు దయ లేదు!). కాని యింటిమాటకు సిగ్గుపడనేల? స్వామిగారి కథల సంపుటి పేరు ‘వీరగల్లు’. కల్లు అనగా కన్నడమున రాయి. ఆ పేరు తెలియుటకు మన పిల్లలకు నిఘంటువుతో పని లేదు. సీమ పలుకుబడిని విడువకయే వారు అకాడెమీ గడప తొక్కిరి.

‘శప్తభూమి’లో కరవును, కులపీడనమును దాపరికము లేక వ్రాసినారు. కావున పై తరగతుల పిల్లలు దానిని పెద్దల యెదుట చదువుట మేలు. కన్నడ లిపి మాత్రమే నేర్చిన తలిదండ్రులకు వారే చదివి వినిపింపవచ్చును.