మన యోడకు జాడ చెప్పువా రెవరు?

హిందూ మహాసముద్ర మధ్యమున, భూమధ్యరేఖకు దక్షిణముగా, లోహపు గడ్డలు పఱచుకొనియున్న 75,000 చదరపు కిలోమీటర్ల సముద్రతలమును శోధించుటకు 2002 నాటి యొడంబడిక ననుసరించి మన దేశమునకు హక్కు గలదు. 2021లో సాగరనిధి యను మన పరిశోధననౌక యచ్చటి కేగి, వరాహ యను యంత్రమును 5,270 మీటర్ల లోతునకు దించి నడిపించినది. ఈ వార్త చదివి గర్వించినవారిలో, ఆ యోడ తా నెచ్చట నున్నదో యెట్లెఱిగినదని యడిగినవా రెందఱు?

అంత లోతున లంగరు పనికిరాదు. ఓడకు నమర్చిన ప్రొపెల్లరులను కంప్యూటరు క్షణక్షణము సవరించుచుండగా, గాలిని కెరటములను ఎదిర్చి యోడ యొక్కచోటనే నిలువవలెను. ఆ చోటును తెలుపునవి ఉపగ్రహముల రేడియో సంకేతములు. అవి నీటిలో దూరము చొరవు గనుక అడుగున నున్న యంత్రపు జాడను శబ్దముచేతనే కనుగొనవలెను. శబ్దము నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. పిలుపు పోయి బదులు వచ్చుటకే యేడు సెకనులు. ఈ లెక్క యంతయు ఓడ యున్న చోటినుండియే మొదలగును. పైన జాడ తప్పినచో క్రింది పటమంతయు తప్పినట్లే.

ఇట్టి కొలతకు పరాయివారి యుపగ్రహములే దిక్కు కావలెనా? అమెరికావారు తమ జి.పి.ఎస్. సంకేతములను, సామాన్యులకు లభించు మేరకు, బుద్ధిపూర్వకముగా చెఱచి 2000 మే వఱకు నుంచిరి. నూఱు మీటర్ల వఱకు తప్పు వచ్చుచుండెను. ఇపు డట్లు చేయుటలేదు, నిజమే. రష్యా, ఐరోపా, చైనాల సంకేతములను గూడ కలిపి వాడుకొనవచ్చునని కొందఱందురు. అప్పిచ్చువారు నలుగురైనంత మాత్రమున అప్పు తీరునా?

శ్రీహరికోటనుండి 2013 మొదలు మనవారు పంపిన నావిక్ ఉపగ్రహములు ఇందులకే. కాని వానిలోని దిగుమతి పరమాణు గడియారములు కొన్ని చెడినవి. సెకనులో పదిలక్షవ వంతు తప్పినచో 300 మీటర్లు తప్పును! 2023 మేలో స్వదేశపు గడియారముతో ఎన్.వి.ఎస్.-01 వెడలినది. 2025 జనవరిలో పంపిన ఎన్.వి.ఎస్.-02 కవాటము తెఱచుకొనక యుద్దిష్ట కక్ష్యను చేరలేదు. ఇట్టి యపజయములకు శాస్త్రజ్ఞులను దూషించుట మా యభిమతము కాదు.

మా యాక్షేపణ వేఱు. నావిక్ ప్రధానసేవకు నిర్ణయించిన హద్దు మన సరిహద్దులకు 1,500 కిలోమీటర్లు మాత్రమే. మన లోహపు గడ్డల ప్రదేశ మా హద్దునకు వెలుపల నున్నది! అచ్చట సంకేతములందినను అంతటి పూచీ లేదు. హక్కు సంపాదించిన చోటికి కొలబద్ద చేరకుండుట యేమి వ్యవహారము? ప్రభుత్వమువారు చెడిన యుపగ్రహముల స్థానమున క్రొత్తవానిని నిలుపుటతో తృప్తిపడక, ఈ హద్దును దక్షిణమునకు జరుపుటకు ఎన్ని యుపగ్రహములు, ఎంత ధనము, ఎన్ని సంవత్సరములు కావలయునో పార్లమెంటునకు తెలుపవలెను.